రాళ్ళ మీద పేర్లు

బిందు కౌన్సిలర్‌గా గెలిచి అప్పటికి ఐదు నెలలు. తాండూరులో ఆమె వార్డులో సగం ఇళ్ళు నాపరాయి పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్ళవే. సీటు మహిళలకు రిజర్వు అయినప్పుడు పార్టీవాళ్ళు ముందు ఆమె భర్త చంద్రకాంత్ దగ్గరికి, అతని మోటార్ల రిపేరు షాపుకు వచ్చారు. "మీ ఆమెను నిలబెట్టు, మిగతాది మేం చూసుకుంటం" అన్నారు. గెలిచాక మాత్రం మిగతాదంతా ఆమె మీదే పడింది. నల్లా రాని సందులు, ఆగిపోయిన పింఛన్లు, వానొస్తే ఇళ్ళలోకి ఎదురెక్కే మోరీలు. మొదట్లో మైకు ఇస్తే పక్కవాళ్ళకు అందించేసేది. తర్వాత తర్వాత నలుగురూ తనను పేరు పెట్టి పిలిచి పని చెప్పడం ఆమెకు నచ్చసాగింది.

ఆ సోమవారం ప్రజావాణిలో ఇళ్ళ పట్టాల దరఖాస్తు ఇద్దామని ఆర్డీవో ఆఫీసుకు వెళ్ళింది. పని ముగించుకుని మెట్లు దిగబోతూ ఆగింది. గేటు లోపల, వేపచెట్ల కింద నలభై మంది దాకా నేల మీద కూర్చుని ఉన్నారు. ఎక్కువ మంది ఆడవాళ్ళు. అందరి ఒళ్ళోనూ అరచేతి వెడల్పు నాపరాయి ముక్కలు. బూడిద రంగు రాయి మీద తెల్ల పెయింటుతో ఒక్కో పేరు, పక్కన వయసు. కొన్ని తెలుగులో, కొన్ని ఉర్దూలో. గాజాలో యుద్ధం ఆపించడానికి మన దేశం గట్టిగా మాట్లాడాలని రాష్ట్రపతికి రాసిన వినతిపత్రం ఒకటి ముందు వరసలో ఉన్నావిడ చేతిలో ఉంది. ఆ పేర్లు అక్కడ చనిపోయిన పిల్లలవి.

ముందు వరసలో ఉన్నావిడను చూడగానే బిందు చెయ్యి అసంకల్పితంగా కొంగు సర్దుకుంది. రెబెక్క టీచర్. ఆరో తరగతిలో తెలుగు చెప్పింది. రిటైరై పదేళ్ళయినా ఇస్త్రీ చీర, చేతికి గడియారం అలాగే ఉన్నాయి.

టీచర్ కాగితం చూసి చదువుతోంది.

"యూసుఫ్. ఏడేండ్లు."

రెండో వరసలోంచి ఒకామె లేచి, తన ఒళ్ళోని రాయిని తెచ్చి ముందు నేల మీద పెట్టి వెళ్ళింది.

"మరియం. నాలుగేండ్లు."

మరో రాయి.

అది హాజరు తీసుకునే గొంతు. బిందుకు బాగా తెలిసిన గొంతు. ప్రతి పేరు తర్వాతా టీచర్ కొంచెం ఆగుతోంది, అచ్చం క్లాసులో ఆగినట్టే. ఆ ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు "ఉన్నాను టీచర్" అంటారేమోనని బిందు చెవి తనకు తెలియకుండానే ఎదురుచూసింది. ఆర్డీవో ఆఫీసు గుమాస్తాలు కూడా కిటికీల దగ్గర నిలబడి వింటున్నారు.

"జర కూసో బిందమ్మ, ఐదు నిమిషాలు" అంది చివరి వరసలోంచి ఖైరున్నీసా. ఆమెది బిందు వార్డే. బిందు తల్లి భీమమ్మతో కలిసి ఇరవై ఏళ్ళు ఒకే యూనిట్లో రాయి కోసిన మనిషి.

"పార్టీ ఉన్నది కద ఆపా" అంది బిందు నెమ్మదిగా.

"పార్టీ గేటు బయట ఉంటది తియ్."

బిందు నవ్వింది. కూర్చోలేదు, వెళ్ళనూ లేదు. మెట్ల మీదే పావుగంట నిలబడింది.

అంతలో రెండు కార్లు వచ్చి ఆగాయి. దశరథ్ దిగాడు. అవతలి పార్టీ నాయకుడు, పోయినసారి ఎమ్మెల్యే టికెట్ అడిగి భంగపడ్డవాడు. వెంట కెమెరా. ముందు వరసలోంచి ఒక రాయి అడిగి తీసుకుని గుండెకు ఆనించి పట్టుకున్నాడు. పేరు తలకిందులుగా ఉంది. ఫొటోలయ్యాక నాలుగు నినాదాలిచ్చాడు. కూర్చున్నవాళ్ళలో సగం మంది అందుకోలేదు. పది నిమిషాల్లో కార్లు వెళ్ళిపోయాయి. టీచర్ ఆగిన పేరు దగ్గర నుంచే మళ్ళీ మొదలుపెట్టింది.

పేర్లన్నీ అయ్యాక ఆర్డీవో బయటికి వచ్చి వినతిపత్రం తీసుకున్నాడు. పైకి పంపిస్తానన్నాడు. ఆడవాళ్ళు రాళ్ళను గోనెసంచుల్లోకి ఎత్తుకుని, చెట్ల కింద పడ్డ టీ కప్పులు ఏరి, వచ్చినట్టే వెళ్ళిపోయారు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు.

మర్నాడు పేపర్లో దశరథ్ ఫొటో పడింది. 'తాండూరులో దశరథ్ ఆధ్వర్యంలో ధర్నా' అని. తొమ్మిది గంటలకల్లా వికారాబాద్ నుంచి అనంతయ్య ఫోన్.

అనంతయ్య బిందు పార్టీ జిల్లా నాయకుడు. గట్టిగా మాట్లాడే మనిషి కాడు. బిందుకు టికెట్ ఇవ్వొద్దని ముగ్గురు అడ్డుపడితే, ముగ్గురికీ సర్దిచెప్పి ఇప్పించినవాడు. ఆమె అత్తకు ఆపరేషన్ అయితే ఆసుపత్రికి స్వయంగా వచ్చి కూర్చున్నవాడు. "నిన్న నువ్వు ఆడనే ఉన్నవట కద చెల్లె. ఒక్కసారి వచ్చి పో" అన్నాడు.

రైల్లో వికారాబాద్ చేరేసరికి పదకొండున్నర. పార్టీ ఆఫీసులో కుర్చీలు వేసి ఉన్నాయి, ఏడుగురు విలేకరులు కూర్చుని ఉన్నారు. అనంతయ్య ఆమెను లోపలి గదిలోకి పిలిచి టైపు చేసిన కాగితం చేతికిచ్చాడు. ఎనిమిది వాక్యాలు. 'కొందరు వ్యక్తులు రాళ్ళతో ఆర్డీవో కార్యాలయంలోకి వచ్చారు' అన్నది మూడో వాక్యం. 'ప్రజాసమస్యల కోసం అక్కడికి వెళ్ళిన మహిళా కౌన్సిలర్‌గా నేను భయాందోళనకు గురయ్యాను' అన్నది నాలుగోది.

"అన్నా, ఆ రాళ్ళ మీద పేర్లున్నయి. పిల్లల పేర్లు" అంది బిందు.

"ఉండనీ. రాళ్ళు ఉన్నయా లేవా?"

"ఉన్నయి."

"ఆఫీసులకు తెచ్చిండ్రా లేదా?"

"తెచ్చిండ్రు."

"మరి అండ్ల అబద్ధమేమున్నది చెల్లె? ఉన్నదే రాసినం." అనంతయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకు వాళ్ళ మీద పగ లేదు. ఆ దశరథ్ ఫొటో చూసినవ్ కద. మనం ఊకుంటే రేపు ఊరంతా ఆయనదే అంటరు. పైనించి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నయి. నువ్వు ఆడ మనిషివి, కండ్ల చూసినదానివి. నువ్వు చెప్తే ఇంటరు."

బిందు కాగితాన్ని మరోసారి చదివింది. ఏ వాక్యం దగ్గర ఆగి కాదనాలో ఆమెకు తోచలేదు. నాలుగో వాక్యం దగ్గర వేలు పెట్టింది గానీ, అప్పటికే అనంతయ్య తలుపు తీశాడు.

బయట మైకుల ముందు కూర్చుని ఎనిమిది వాక్యాలూ తడబడకుండా చదివింది. అయిపోయింది అనుకుని లేవబోతుంటే ఒక విలేకరి అడిగాడు. "మేడం, రాళ్ళు మీరు స్వయంగా చూశారా?"

"చూశాను" అంది.

ఆ మాట కాగితంలో లేదు. అది ఆమె సొంతం.

అనంతయ్య కారులోనే వెనక్కి పంపాడు. అనంతగిరి గుట్ట మలుపుల్లో ఫోన్ సిగ్నల్ పోయి, ధారూరు దాటాక మళ్ళీ వచ్చింది. రాగానే ఫోన్ ఆగకుండా మోగింది. ఆమె వీడియో అప్పటికే ఊరంతా తిరుగుతోంది. కింద 'రాళ్ళతో దాడికి యత్నం' అని ఎవరో రాశారు. సాయంత్రానికి హైదరాబాద్‌లో పార్టీ పెద్దనాయకుడొకాయన టీవీలో, తాండూరులో మా కౌన్సిలర్ ప్రాణభయంతో బయటపడింది అన్నాడు. అదే పార్టీ ప్రతినిధి ఇంకొకాయన శాంతిభద్రతల విషయంలో రాజీపడేది లేదన్నాడు. తన నాయకత్వంలో జరిగిన శాంతియుత ఉద్యమాన్ని బద్నాం చేస్తున్నారని దశరథ్ ప్రకటన ఇచ్చాడు. ఇన్ని మాటల్లోనూ రెబెక్క టీచర్ పేరు ఎవరూ ఎత్తలేదు. చదివిన పేర్లలో ఒక్కటీ వినబడలేదు.

రెండు రోజులకు పార్టీ తరఫున పోలీసులకు ఫిర్యాదు వెళ్ళింది. పదకొండు మందిని విచారణకు రమ్మని పిలుపు వచ్చింది. టీచరూ, ఖైరున్నీసా అందులో ఉన్నారు. పోలీసు లొల్లి తేలేదాకా పనికి రావద్దని ఖైరున్నీసాకు యూనిట్ యజమాని చెప్పాడు.

ఈ సంగతి బిందుకు చెప్పింది భీమమ్మే. కూతురి ఇంట్లోనే ఉంటుంది. ఇరవై ఏళ్ళు రాతి దుమ్ములో పనిచేసి, ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషి. వీడియో చూసినప్పటి నుంచి కూతురితో మాట్లాడలేదు. ఆ పొద్దున బిందు టీ గ్లాసు ఇవ్వబోతే తీసుకోకుండా అడిగింది.

"ఆ రాళ్ళు ఎవలు ఏరిండ్రో ఎర్కేనా నీకు?"

బిందు ఆమె వంక చూసింది.

"నేను. ఖైరున్నీసా వచ్చి, అక్కా ముక్కలు కావాలె అన్నది. నువ్వు వార్డుల తిరగవోయినప్పుడు యూనిట్ వెనక కుప్పలకెల్లి మెల్లగ ఏరిన. ముసలోళ్ళు ఒళ్ళె పెట్టుకుంటరు, చేతులు కోసుకుంటయని అంచులన్ని అరగదీసిన. మూడు దినాలు పట్టింది." భీమమ్మ ఆగి ఊపిరి తీసుకుంది. "నువ్వు చదివిన కాయితంల నా పేరు గూడ రాపియ్యి. రాళ్ళిచ్చింది మా అమ్మనే అని."

"అమ్మా, అందులో అబద్ధం రాయలేదే. రాళ్ళున్నయనే చదివిన."

"నువ్వు భయపడ్డవా?"

బిందు గ్లాసును మరో చేతికి మార్చుకుంది.

"భయపడ్డవా లేదా? గదే అడుగుతున్న."

"లేదు."

"మరి?"

భీమమ్మ గ్లాసు అందుకుని, తాగకుండానే పక్కన పెట్టింది.

ఆ పూట బిందు వంట చేసింది, ఫోన్లు ఎత్తింది, కొత్త నల్లా పైపు ఎక్కడ వేయాలో చూడటానికి వెళ్ళింది. సందులోకి అడుగుపెడుతుంటే అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. ఎవరూ తిట్టలేదు. "కూసో బిందమ్మ" అని మాత్రం ఎవరూ అనలేదు. పైపు ఎటు నుంచి వేయాలని అడిగితే "నీ ఇష్టం" అన్నారు. ఖైరున్నీసా ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల గిన్నెల చప్పుడు వినిపించింది. తట్టే ధైర్యం లేక బిందు ముందుకు సాగిపోయింది. కొంత దూరం పోయాక, ఇంటికి పోయే దారిలో కాకుండా చర్చి వెనక సందులోకి తిరిగింది.

రెబెక్క టీచర్ వసారాలో కూర్చుని బియ్యం ఏరుతోంది. గోడ పక్కన గోనెసంచులు మూతి కట్టి ఉన్నాయి. బిందును చూసి చేట పక్కన పెట్టి, కుర్చీ చూపించింది. బిందు కుర్చీలో కూర్చోలేక గడప మీద కూర్చుంది.

"తప్పు చేసిన టీచర్. మాఫ్ చెయ్యండ్రి."

"నీళ్ళు తాగుతవా బిడ్డ?"

"మీకు కోపం లేదా?"

"ఉన్నది" అంది టీచర్ మామూలుగా. "ముప్పై ఏండ్లు చదువు చెప్పి పోలీస్ స్టేషన్ల బెంచి మీద కూసున్న. మొన్నటిదాక ఆ గేటు లోపలికి పోలే నేను. కోపం ఉండదా? ఖైరున్నీసాకైతే ఇంక ఎక్కువ ఉన్నది. ఆమెకు పని పోయింది."

బిందు తల వంచుకుంది. సోమవారం నుంచీ అడగాలనుకున్నది అడిగింది. "మీరెందుకు పోయిండ్రు టీచర్? అదెక్కడో, మనమెక్కడ. మీకేమైతరు వాళ్ళు?"

టీచర్ చేటను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. చేటలోంచి ఒక రాయిని ఏరి అవతల పారేసింది.

"నేను బడిల ఉన్నప్పుడు ఒక పిల్ల ఉండె. నవాబుపేట దిక్కు పల్లె. నాలుగు దినాలు బడికి రాలే. నేను రోజూ పేరు పిలిచి, ఆబ్సెంట్ అని రాసిన. ఐదో నాడు తెలిసింది, పిల్ల జ్వరంతోని సచ్చిపోయిందని. నాలుగు దినాలు సచ్చిన పిల్లకు ఆబ్సెంట్ వేసిన. ఎవ్వరూ చెప్పలే, నేను అడగలే." ఆమె గొంతు మారలేదు. "మొన్న ఖైరున్నీసా మనుమడు ఫోన్ల ఆ పేర్ల లిస్టు చూపెట్టిండు. అమ్మో, ఎంత పెద్దగున్నదో. చదువుకుంట పోతే నాకు రిజిస్టర్ లెక్క కనపడ్డది. పిలవాలె అనిపించింది. గంతే. ఇంతకన్న పెద్ద మాట నా దగ్గర లేదు బిడ్డ."

సందులో కూరగాయల బండి అరుచుకుంటూ పోయింది.

"ఇప్పుడు నేనేం చెయ్యాలె?" అంది బిందు.

"నా దగ్గర కాదు చెప్పుడు. పేపరోళ్ళ ముందట చదివినవ్. వాళ్ళ ముందటనే చెప్పు."

ఇంటికి వచ్చి చంద్రకాంత్‌తో చెబితే అతను చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ విన్నాడు. "అనంతయ్యన్న మనకు మస్తు చేసిండు" అన్నాడు చివరికి. "ఇయ్యాల ఆయనకు ఎదురు పోతే షాపు మీద పడ్తరు. మున్సిపాలిటీ మోటార్లన్ని నా దగ్గరికే వస్తయి, రేపు రావు."

"ఎర్కనే."

"ఊకుంటే పది దినాలల్ల అందరు మరిచిపోతరు."

"అమ్మ మరువదు" అంది బిందు. "నేను గూడ."

బిందు నోటుబుక్కు తీసుకుని కూర్చుంది. ఎనిమిది వాక్యాలు టైపు చేసిచ్చినవాళ్ళకు పది నిమిషాలు పట్టి ఉంటుంది. ఆమె ఒక పేజీ రాయడానికి సాయంత్రమంతా పట్టింది. చూసింది చూసినట్టు రాయడం అంత కష్టమని ఆమె అనుకోలేదు. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, రాళ్ళు ఎంత ఉన్నాయి, ఆర్డీవో ఎప్పుడు వచ్చాడు, కప్పులు ఎవరు ఏరారు. 'నాకు భయం కలగలేదు' అని రాసి, దాని కింద గీత గీసింది.

మర్నాడు చంద్రకాంతే బండి తీశాడు. పోలీస్ స్టేషన్లో అధికారి కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"మొన్న ఒకటి చెప్పిండ్రు, ఇయ్యాల ఒకటి చెప్తున్నరు. రేపు మళ్ళ మారుస్తరా మేడం?"

"మార్చను సార్. మొన్నటిది వాళ్ళు రాసిచ్చిండ్రు, నేను చదివిన. ఇది నేను రాసిన."

ఆయన తీసుకుని రశీదు ఇచ్చాడు.

పదకొండింటికి ఆర్డీవో ఆఫీసు గేటు బయటికి రమ్మని ఏడుగురు విలేకరులకూ ఫోన్ చేసింది. వికారాబాద్ నుంచి నలుగురే వచ్చారు. మైకు లేదు. ఎండలో నిలబడి కాగితం చదివింది. ఈసారి రెండు చోట్ల తడబడింది.

"మేడం, ఆ రోజు చూశానన్నారు కదా" అన్నాడు అదే విలేకరి.

"అన్న. చూసిన మాట నిజమే. ఏం చూసిన్నో చెప్పలే. రాళ్ళ మీద పిల్లల పేర్లున్నయి. నాకు యాదికున్నయి ఆరు." ఆమె వాటిని ఒక్కొక్కటే చెప్పింది. "యూసుఫ్. మరియం. సలీం. లైలా. ఇబ్రహీం. హనాన్." వయసులు రెండే గుర్తున్నాయి. మిగతావి గుర్తులేవని చెప్పేసింది. రాసుకుంటున్న ఒకతను హనాన్‌లో 'న'నా, 'ణ'నా అని అడిగాడు.

ఒంటిగంటకు అనంతయ్య ఫోన్ చేశాడు. కోప్పడతాడనుకుంది. అతని గొంతులో అలసట వినబడింది.

"నన్నడిగి ఉంటే ఏదన్న తొవ్వ చూపెట్టేవాణ్ణి కద చెల్లె."

"మీకు ఆ రోజే చెప్పిన అన్నా, పేర్లున్నయని."

"పైనోళ్ళు పార్టీల నుంచి సస్పెండు చెయ్యమన్నరు. సంతకం నాదే ఉంటది. మనసుల పెట్టుకోకు."

"మీరు మా అత్త కాడ కూసున్నది నేను మరువ అన్నా" అంది బిందు. ఆ మాట నిజంగానే అంది.

సాయంత్రం దశరథ్ మనిషి రాలేదు, ఆయనే వచ్చాడు, శాలువాతో. తమ పార్టీలోకి వస్తే వచ్చేసారి చైర్‌పర్సన్ పదవి ఖాయమన్నాడు. బిందు టీ ఇచ్చింది. "అన్నా, ఆ రోజు మీరు పట్టుకున్న రాయి మీద ఏ పేరుండె?" అని అడిగింది. దశరథ్ కొంచెంసేపు గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేశాడు. టీ తాగి, మళ్ళీ కలుద్దామని లేచాడు. శాలువా కుర్చీ మీద మరిచిపోతే చంద్రకాంత్ కారు దాకా వెళ్ళి ఇచ్చి వచ్చాడు.

విచారణ నెల రోజులకు ఆగిపోయింది. కేసు లేదన్నారు. పేపర్లో అది లోపలి పేజీలో నాలుగు లైన్లుగా వచ్చింది. గాజా నుంచి వచ్చే వార్తలు మాత్రం అలాగే వస్తున్నాయి. రాష్ట్రపతికి పంపిన వినతిపత్రానికి జవాబేమీ రాలేదు. టీచర్ అందుకు ఆశ్చర్యపోలేదు, మరో కాగితం రాస్తోంది. మున్సిపాలిటీ మోటార్లు చంద్రకాంత్ షాపుకు రావడం తగ్గింది గానీ, పొలాల మోటార్లతో అతను నెట్టుకొస్తున్నాడు. భీమమ్మ కూతురితో మాట్లాడుతోంది, అయితే ఆ సంగతి తప్ప.

ఖైరున్నీసాను పాత యూనిట్‌వాళ్ళు మళ్ళీ తీసుకోలేదు. కర్ణాటక సరిహద్దు దిక్కు ఇంకో యూనిట్లో కుదిరింది. పొద్దున్నే ఆరు గంటలకు షేర్ ఆటో ఎక్కాలి. బిందు రెండుసార్లు ఇంటికి వెళ్ళినా ఆమె దొరకలేదు. మూడోసారి ఆటోల అడ్డా దగ్గరికే వెళ్ళింది. ఖైరున్నీసా టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చుని ఉంది. బిందు పక్కన కూర్చుంది. ఆటో నిండాలంటే ఇంకా ఇద్దరు రావాలి.

"నా వల్లనే నీకు ఇంత దూరం ఐంది ఆపా."

"ఔ, నీ వల్లనే" అంది ఖైరున్నీసా. ఎదుటి రోడ్డు వైపే చూస్తోంది. "టీచరమ్మ మాఫ్ చేసిందంట. నాకు గంత జల్ది మనసు రాదు."

"రావాలని అడగలే."

"మల్ల గేటు కాడ చెప్పినవంట గద. మా మనుమడు ఫోన్ల చూపెట్టిండు." ఆమె డబ్బా మూత బిగించింది. "మంచిగనే చెప్పినవ్."

ఇద్దరు ఆడవాళ్ళు నాపరాయి దుమ్ము పట్టిన చెప్పులతో వచ్చి ఎదురుగా ఎక్కారు. డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. బిందు దిగి పక్కన నిలబడింది.

"మా సందుల పైపు ఎప్పుడేస్తరు?" అని ఆటోలోంచే అడిగింది ఖైరున్నీసా.

"బుధవారం తవ్వుతరు. నేను దగ్గరుండి ఏపిస్త."

"పొద్దుగాల్నే మొదలుపెట్టమను. నేను పోయేలోపల నా ఇంటి ముందట ఎక్కడ తవ్వాలె చూపెడ్త."

"ఐదున్నరకు వస్త."

ఆటో కదిలింది. బిందు అక్కడి నుంచే నడుచుకుంటూ, పైపు పని కాంట్రాక్టర్ ఇంటి వైపు వెళ్ళింది.